పన్నెండు రెట్ల అబద్ధం

ఈరీ, పెన్సిల్వేనియా
జనవరి 15, 2023

నువ్వు ముప్ఫై ఒక్క మందికి ఒక అబద్ధపు అంకె చూపించి, వాళ్ళ క్లబ్బు సొమ్మంతా ఖాళీ పెట్టెలో పోయించావు బాబాయ్.

ఎలా ఉన్నావని అడగను. ఫ్లోరిడాలో ఉన్నవాడు బాగానే ఉంటాడు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో అయితే నువ్వు ఓ నవ్వు నవ్వి, పిన్ని మోకాళ్ళ గురించి చెప్పి, లైను పెట్టేస్తావు. కాగితం మీద అలా కుదరదు.

అక్టోబర్లో నువ్వు వచ్చిన శనివారం గుర్తు చేసుకో. యూనియన్ హాలు కింది గదిలో మన మదుపు క్లబ్బు సభ. బోర్డు మీద మూడు పేర్లు రాశావు. కిరాణా దుకాణాల కంపెనీ, పీఈ ఇరవై రెండు. రైలు కంపెనీ, పద్దెనిమిది. ప్యూటర్ హిల్, పన్నెండు. పీఈ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదన్నావు. షేరు ధరని ఆ షేరుకి ఏడాదిలో వచ్చిన లాభంతో భాగిస్తే వచ్చేదే పీఈ అన్నావు. ఒక డాలరు లాభాన్ని ఎన్ని డాలర్లు పోసి కొంటున్నామో అది చెప్తుంది. ఇరవై రెండు పోసి కొనే సరుకు పక్క కొట్లో పన్నెండుకి దొరుకుతుంటే కొనకపోవడం బుద్ధితక్కువ అన్నావు. మా ప్లాస్టిక్ మూతల ఫ్యాక్టరీలో పధ్నాలుగో నంబరు ప్రెస్సు నడిపే బెర్నడీన్ సోబల్ చెయ్యెత్తి, ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందని అడిగింది. "ఇంకా ఏమీ చెయ్యదు. త్వరలో చేసే కంపెనీని ఒకదాన్ని కొంటుంది" అన్నావు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆ తర్వాత కిరాణా షేర్లూ రైలు షేర్లూ అమ్మేసి, ఇరవై నాలుగు వేల ప్యూటర్ హిల్ షేర్లు, ఒక్కోటి పది డాలర్ల ఐదు సెంట్లకి కొన్నాం.

నేను కాలేజీ గుమ్మం తొక్కలేదని నీకు తెలుసు. లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మినప్పుడు ఒక జమాఖర్చుల పుస్తకం కొన్నాను. టీ విరామాల్లో చదివాను. ఆర్నెల్లు పట్టింది. అర్థం కాని చోట మళ్ళీ చదివాను. పోయిన వారం ప్యూటర్ హిల్ ప్రభుత్వానికి ఇచ్చిన కాగితాలు తెరిచాను.

బాబాయ్, అది ఖాళీ చెక్కు కంపెనీ. జనం దగ్గర ముందు డబ్బు వసూలు చేసి బ్యాంకులో పెట్టి, రెండేళ్ళలోగా ఎవరినో ఒకరిని వెతికి కొంటామని చెప్పే బాపతు. పనివాళ్ళు లేరు. షెడ్డు లేదు. సరుకు లేదు. ఇద్దరు మనుషులు, ఒక అద్దె గది, ఒక బ్యాంకు ఖాతా. అలాంటి దానికి షేరుకి ఎనభై నాలుగు సెంట్ల లాభం వచ్చిందంటే, అది ఎక్కడి నుంచి వచ్చింది?

పన్నెండు ఎలా వచ్చిందో నాకు చెప్పు. ముప్ఫై ఆరేళ్ళు లెక్కలు చెప్పినవాడివి.

డోరీన్

ఒకాలా, ఫ్లోరిడా
జనవరి 24, 2023

ప్రియమైన డోరీన్‌కి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు చూసి ముచ్చట పడ్డాను, మాటలు చూసి కాదు. ఏడేళ్ళ వయసులో మీ నాన్న తెచ్చిన సాసేజి ముక్కలతో నీకు భిన్నాలు నేర్పింది నేనే. నాలుగో వంతు ఏదంటే పెద్ద ముక్క చూపించేదానివి. ఆ ఆకలి ఇప్పుడు పుస్తకాల మీదికి మళ్ళినందుకు సంతోషం.

ఒక్క మాట మాత్రం సరిచెయ్యాలి. ఆ పన్నెండు నేను కల్పించింది కాదు. షేర్ల దళారీ తెర మీద కనిపించిందే నేను బోర్డు మీద రాశాను. ధర పది డాలర్ల ఐదు సెంట్లు, లాభం ఎనభై నాలుగు సెంట్లు. భాగించి చూసుకో. అంకె నాది కాదు, భాగహారమూ నాది కాదు.

నువ్వు ఇంకా నేర్చుకోవలసింది ఏమిటంటే, మదుపు చేసేవాడు గడిచిన ఏడాదిని కాదు, రాబోయే ఏళ్ళని చూడాలి. ప్యూటర్ హిల్ తాను కొనబోయే కంపెనీని నవంబర్లో ప్రకటించింది కదా. చెత్త ప్లాస్టిక్‌ని కడిగి కొత్త గుళికలుగా మార్చే వాళ్ళు. 2026లో షేరుకి డాలరున్నర పైన లాభం వస్తుందని వాళ్ళ అంచనా. ఇవాళ్టి ధరని దానితో భాగించు. ఏడు కూడా రాదు. అంటే పన్నెండు కూడా ఎక్కువ చెప్పినట్టే.

సొమ్ము గురించి బెంగ వద్దు. ఆ కంపెనీని ప్యూటర్ హిల్‌లో కలిపే విలీనం మీద వాటాదారుల ఓటు మార్చి 23న. అప్పటిదాకా డబ్బంతా బ్యాంకులో భద్రంగా ఉంటుంది. ఓటు కాగితాలు నా దగ్గరికే వస్తాయి. నేను చూసుకుంటాను. మీరెవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు.

ఇక్కడ నారింజలు ఈసారి పుల్లగా ఉన్నాయి. లొరైన్ పిన్ని నిన్ను అడిగానని చెప్పమంది. బెర్నడీన్‌కి నా నమస్కారాలు.

బాబాయ్, కాసిమిర్

ఈరీ
ఫిబ్రవరి 12, 2023

నువ్వు నాకు జవాబు చెప్పలేదు. నారింజల గురించి చెప్పావు.

నేనే వెతికాను. మూడు ఆదివారాలు పట్టింది. ఆ ఎనభై నాలుగు సెంట్లు ఎక్కడివో రాస్తున్నాను. నీకు తెలిసిందే అయినా చదువు, నాకు తెలిసిందని నీకు తెలియాలి.

ప్యూటర్ హిల్ షేర్లతో పాటు కొన్ని హక్కు చీటీలు పంచింది. తర్వాతెప్పుడో పదకొండున్నర డాలర్లకి షేరు కొనుక్కునే హక్కు. ఆ చీటీల విలువని కంపెనీ తన నెత్తిన ఉన్న బాకీగా రాసుకోవాలి. మొదట్లో చీటీ డాలరున్నర పలికింది. ఏడాది తిరిగేసరికి పది సెంట్లకి పడిపోయింది. ఈ కంపెనీ ఎప్పటికీ పదకొండున్నరకి ఎక్కదని జనానికి అర్థమైంది కాబట్టి. చీటీ పడిపోతే బాకీ తగ్గినట్టు. బాకీ తగ్గితే ఆ తగ్గింది లాభం కింద రాసుకోవచ్చు. రాసుకున్నారు. కంపెనీ మీద జనానికి నమ్మకం పోయే కొద్దీ దాని లాభం పెరిగింది బాబాయ్. నువ్వు ఆ లాభంతో భాగించి, చవక అని మాకు చూపించావు.

నిజంగా లోపలికి వచ్చిన డబ్బు బ్యాంకు వడ్డీ ఒక్కటే. షేరుకి ఐదు సెంట్లు. దానితో భాగించు. పన్నెండు కాదు, రెండు వందలు. లాయర్ల ఖర్చులు తీసేస్తే ఆ ఐదు సెంట్లూ మిగలవు, భాగించడానికే ఏమీ ఉండదు. ఖాళీ చెక్కు కంపెనీకి పీఈ చూడటమంటే పెళ్ళికాని వాడికి మనవలెందరని అడగడం. 2026 అంచనా సంగతి ఇంకా దరిద్రం. ఆలూ లేదు, చూలూ లేదు, నువ్వు మాత్రం బారసాల భోజనానికి పిలుస్తున్నావు.

ఇదంతా బెర్నడీన్‌కి చెప్పాలంటే బాకీలూ చీటీలూ చెప్తే లాభం లేదు. డ్వేన్ కిమెల్ సంగతి గుర్తు చేశాను. రెండో షిఫ్టులో ప్లాస్టిక్ గుళికలు పోసే తొట్టి మూసేసి, ప్రెస్సుని ఉత్తినే ఆడించాడే, వాడు. అచ్చు మూసుకున్నప్పుడల్లా మీటరు ఒకటి ఎక్కుతుంది. లోపల మూత పడిందో గాలి పడిందో దానికేం తెలుసు. షిఫ్టు దిగేసరికి మీటర్లో ఆరు వేలు, డబ్బాలో నాలుగు వందలు. నువ్వు మాకు చూపించింది మీటరు. డబ్బా ఎత్తి చూపించలేదు. బెర్నడీన్ అంతా విని, "మరి మనం డబ్బాలోకి తొంగి చూడకుండా ఎందుకు చేతులెత్తామే?" అంది.

అచ్చులు బిగించే ఆర్విల్ టిబ్స్‌ని ఆ గుళికల కంపెనీ గురించి అడిగాను. రకరకాల చెత్త కలిపి, ఏరకుండానే శుభ్రమైన గుళికలు తీస్తామంటున్నారని చెప్పాను. వాడు తింటున్న శాండ్‌విచ్ కిందపెట్టి నవ్వాడు. రెండు రకాల గుళికలు పొరపాటున కలిస్తేనే మూతలన్నీ చారలు పడి, నల్లమచ్చలొచ్చి, నాలుగు గంటలు ప్రెస్సు కడుక్కుంటాం మనం, వీళ్ళేమో ఊరి చెత్తంతా కలిపి పాలమీగడ తీస్తారట అన్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. వాడివీ పదిహేడు వేల డాలర్లు అందులో ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ప్లాస్టిక్‌తో బతుకుతున్న మనుషులం, నవంబర్లో ఆ కంపెనీ పేరు చూసినప్పుడే నవ్వాల్సిన వాళ్ళం. నీ అంకె చూసి నోరు మూసుకున్నాం.

ఇంకోటి. మొదటి ఉత్తరంలో నేనూ దాచాను. బెర్నడీన్ అక్టోబర్లో వద్దనుకుంది. జూన్‌లో ఆమె పని మానేస్తోంది, నలభై ఒక్క వేల వాటా తీసుకుని వెళ్ళిపోదామనుకుంది. మా బాబాయ్ అంకె తప్పు చెప్పడని ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తింది నేనే.

ఇప్పుడు అసలు సంగతి. మేమేమీ చెయ్యనక్కర్లేదని రాశావు. చెయ్యాల్సింది ఉంది. ఓటుకి రెండు పనిదినాల ముందు వరకు, అంటే మార్చి 21 సాయంత్రం ఐదు దాకా, ఎవరైనా షేరు తిరిగిచ్చేసి బ్యాంకులో తమ వంతు తీసుకోవచ్చు. షేరుకి పది డాలర్ల ఇరవై రెండు సెంట్లు. ఒక్క సెంటు నష్టం లేకుండా ముప్ఫై ఒక్క మందీ బయటపడతారు. ఆ గడువు దాటితే చేతికి మిగిలేది ఆ చెత్త గుళికల కంపెనీ షేర్లు. పోయిన ఏడాది ఇలా విలీనమైనవి చాలావరకు ఇప్పుడు రెండు మూడు డాలర్లలో ఉన్నాయి. వరసగా చూశాను.

తిరిగివ్వాలన్నా, బజార్లో అమ్మాలన్నా క్లబ్బు అధ్యక్షుడి సంతకమే కావాలి. అంటే నీది. ఈ హక్కు ఉందని నీకు తెలియదా, తెలిసీ చెప్పలేదా?

డోరీన్

ఒకాలా
ఫిబ్రవరి 26, 2023

డోరీన్,

ఒక పుస్తకం చదివి పండితురాలివైపోయావు. మంచిది.

1987లో ఈ క్లబ్బు నేను పెట్టినప్పుడు మీ ప్రెస్సుల వాళ్ళకి షేరు అంటే ఏమిటో తెలియదు. బడి నుంచి నేరుగా వచ్చి, సాయంత్రాలు బోర్డు దగ్గర నిలబడి నేర్పాను. ముప్ఫై ఆరేళ్ళు. ఒక్క సెంటు తీసుకోలేదు. నేను ఊరు వదిలేటప్పుడు ఎవరైనా నాకు ఓ వాచీ అయినా పెట్టారా? ఒక కేకు కోశారు. దాని మీద నా పేరు కూడా తప్పు రాశారు.

అందరూ డబ్బు వెనక్కి లాక్కుంటే ఏ పనీ జరగదు. గుళికల కంపెనీ రాదు, ఆ ఉద్యోగాలూ రావు. పిరికితనానికి లెక్కల పేరు పెట్టకు. తిరిగిచ్చే హక్కు సంగతి నాకు తెలుసు. వాడకూడదని నిర్ణయించాను. అవతలి వాళ్ళకి మాట ఇచ్చాను. ఇక నా చేతుల్లో లేదు.

ఈ విషయం మీద మళ్ళీ రాయకు. పిన్నికి నిద్ర పట్టడం లేదు.

కె. పావ్లక్

ఈరీ
మార్చి 11, 2023

కాసిమిర్ పావ్లక్ గారికి

మీ పేరు 187వ పేజీలో ఉంది.

ఎవరికి మాట ఇచ్చారో మీరు రాయలేదు. విలీనం కాగితాల చివర వాళ్ళే రాశారు. కొందరు వాటాదారులు తమ షేర్లు తిరిగివ్వబోమని ముందే ఒప్పుకున్నారు, అందుకు బదులుగా కంపెనీ పెట్టిన వాళ్ళు తమ సొంత షేర్లలోంచి కొన్ని వాళ్ళకి ఇస్తున్నారు. కింద పట్టిక. నాలుగో వరస: ఈరీ మదుపు క్లబ్బు, ఇరవై నాలుగు వేల షేర్లు తిరిగివ్వబడవు. పక్కన ప్రతిఫలం: ఎనిమిది వేల షేర్లు. గ్రహీత: కాసిమిర్ జె. పావ్లక్. క్లబ్బు కాదు. మీరు.

ఆ ఎనిమిది వేల షేర్లకి మీరు ఎంత కట్టారో కూడా రాశారు. షేరుకి అర సెంటు. మొత్తం నలభై డాలర్లు. విలీనం జరక్కపోతే అవి చిత్తు కాగితాలు. జరిగితే, షేరు రెండు డాలర్లకి పడిపోయినా మీకు పదహారు వేలు. బెర్నడీన్‌కి నలభై ఒక్క వేలలో ఎనిమిది వేలు మిగులుతాయి. ఇక్కడ భాగహారం కూడా అక్కర్లేదు.

ఆ పేజీ చూశాక నేను బాత్రూంలోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు. నాకే నవ్వొచ్చింది, కాగితం నుంచి చేతికేం అంటుతుందని.

మీకు క్లబ్బు అంటే చిరాకొచ్చి, అలిసిపోయి, వయసు మీద పడి తప్పు చేశారేమోనని నెల రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెలియక చేశారనుకున్నాను. ఒప్పందం తేదీ చూశాను. అక్టోబర్ 3. మీరు బోర్డు మీద పన్నెండు రాసింది అక్టోబర్ 8న. ఐదు రోజుల ముందే మమ్మల్ని అమ్మేసి, ఆ తర్వాత వచ్చి సరుకు నాణ్యత వర్ణించారు. మేమింకా కొనని షేర్లని, మేము వెనక్కివ్వబోమని మీరు రాసిచ్చారు.

వాచీ పెట్టలేదన్నారు. 2009లో గాలివానకి మీ ఇంటి కప్పు లేచిపోతే, రెండో షిఫ్టు వాళ్ళు పధ్నాలుగు మంది శని ఆదివారాలు వచ్చి కొత్త కప్పు వేశారు. ఆర్విల్ పైనుంచి జారి మడమ విరగ్గొట్టుకున్నాడు. బెర్నడీన్ నిచ్చెన కింద నిలబడి మేకులు అందించింది. కూలి తీసుకోలేదు. అది వాచీ కాదు, నిజమే.

నిన్న శుక్రవారం చర్చి హాల్లో చేపల భోజనం. ఆ పేజీ మడిచి కోటు జేబులో పెట్టుకుని వెళ్ళాను, బెర్నడీన్‌కి చూపిద్దామని. ఆమె క్యాబేజీ వడ్డిస్తోంది. నా ముఖం చూసి పక్కకి లాగింది. మీ బాబాయ్ మీద ఏదేదో మాట్లాడుతున్నావట, హాలంతా అనుకుంటున్నారు అంది. నేను జేబులో చెయ్యి పెట్టాను.

"చూడు పిల్లా, మా పెద్దాడు లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. మీ బాబాయ్ వేసవంతా మా వంటింట్లో కూర్చుని చెప్పాడు, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. వాడివాళ ఓడలో ఇంజనీరు. ఆయన పొరపాటు చేసి ఉండొచ్చు. దొంగతనం మాత్రం చెయ్యడు. ఆ మాట నా ముందు అనకు."

చెయ్యి జేబులోనే ఉంచుకుని బయటికొచ్చేశాను. ఆమె దగ్గర మీరు దోచింది నలభై ఒక్క వేలేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఇప్పుడు వినండి. క్లబ్బు నియమాల్లో ఆరోది మీరు రాసిందే. సభ్యుల ఓటు లేకుండా క్లబ్బు షేర్ల మీద ఎవరికీ ఏ మాటా ఇవ్వకూడదు. కాబట్టి మీరిచ్చిన మాట మీదే, మాది కాదు. దళారీ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. అధ్యక్షుడు సంతకం పెట్టిన కాగితం సోమవారం 20వ తేదీ మధ్యాహ్నం లోపు అందితే, షేర్లు తిరిగిచ్చే పని గడువులో అయిపోతుందన్నారు. మిమ్మల్ని ఓటేసి తీసేసి కొత్తవాళ్ళని పెట్టుకోవచ్చు, కానీ సంతకం మార్పుకి పది పనిదినాలు పడుతుందట. మీకూ తెలుసు. అందుకే ఫిబ్రవరి నెలాఖరు దాకా జవాబు లాగారు.

ఆ కాగితం నింపి ఈ ఉత్తరంతో పెట్టాను. ఇరవై నాలుగు వేల షేర్లు, పూర్తిగా. కింద గీత దగ్గర మీ సంతకం తప్ప అన్నీ ఉన్నాయి. తిరుగు టపా కవరుకి స్టాంపులు నేనే అంటించాను. మరుసటి రోజే చేరే రకం. ఆ ఎనిమిది వేల షేర్లు వదులుకుంటున్నానని వాళ్ళకి మీరు రాసే ఉత్తరం రెండో కాగితం. దాని మీదా సంతకం కావాలి.

శనివారం 18న పొద్దున పది గంటలకి హాల్లో సభ పిలిచాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. సంతకం పెట్టినా, పెట్టకపోయినా ఆ రోజు 187వ పేజీ పైకి చదవడం జరుగుతుంది. పెట్టారు కదా అని కప్పిపుచ్చను. బెర్నడీన్ ముందు వరసలో కూర్చుంటుంది, మీకోసం. ఆమె అది నా నోట వింటే నమ్మదు, నన్ను తిట్టి లేచిపోతుంది. గడువు దాటాక నమ్ముతుంది. అందుకే అది మీ నోటే వినాలి.

వచ్చి నువ్వు చదువుతావా, నన్ను చదవమంటావా? రెండు సంతకాలూ, ఈ ఒక్క ప్రశ్నకి జవాబూ మార్చి 17 శుక్రవారం సాయంత్రం ఐదు లోపు నా చేతికి అందాలి.

డోరీన్ పావ్లక్
పదకొండో నంబరు ప్రెస్సు